పాత డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ: ఆరేళ్ల వాడకం, ఆటోనగర్ బిల్లులు

2014 మోడల్ డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ ఇది. ఇద్దరి చేతులు మారాక, 78 వేల కిలోమీటర్ల రీడింగ్ దగ్గర 2019లో కొన్నాను. ఇప్పుడు లక్షన్నర దాటింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఆ కాలంలో ఈ సైజులో వచ్చిన డీజిల్ బళ్లలో ఏది తీసుకున్నా జబ్బులు దాదాపు ఇవే. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నిలబడినా ఇవే మాటలు వినిపిస్తాయి. కింద రాసిన ఖర్చులన్నీ బయట మెకానిక్ దగ్గర లేబర్‌తో కలిపి నేను కట్టినవి. కంపెనీ సర్వీస్‌లో చేయిస్తే ఒకటిన్నర రెట్లు అనుకోండి.

ముందు కింద నుంచి వచ్చే చప్పుళ్ల సంగతి. ఎస్‌యూవీ కదా అని గుంతల్లో దూకిస్తారు. బండి ఎత్తుగా ఉంటుందే తప్ప కింద కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు మామూలు కారుకు ఉండేలాంటివే. చిన్న స్పీడ్ బ్రేకర్ ఎక్కినా టకటకమంటే చాలాసార్లు లింక్ రాడ్లే. జత మార్చడానికి 1,800 అయింది. బండి చూడ్డానికి వెళ్లినవాళ్లు ఈ చప్పుడు విని బెదిరి తిరిగి వచ్చేస్తుంటారు. నన్నడిగితే బేరం ఆడటానికి ఇంతకంటే మంచి చప్పుడు లేదు. లోయర్ ఆర్మ్ బుష్‌లకు 3,500 పట్టింది. లక్ష దాటాక ముందు షాకులు, వాటి మౌంట్లు కలిపి 11,000. అరవై దాటితే చాలు, విమానం వెళ్తున్నట్టు హోరు మొదలైంది. అది వీల్ బేరింగ్, 3,200. ఇక్కడ ఒక్క మాట: రబ్బరు సామానులో లోకల్ వద్దు. తక్కువకు వస్తుందని వేయించిన బుష్ ఏడాది తిరక్కుండానే చిట్లింది.

ఇలా చప్పుడు చేసినవేవీ నా జేబును పెద్దగా ఖాళీ చేయలేదు. ఖాళీ చేసింది క్లచ్. పెడల్ రోజుకు కొంచెం చొప్పున గట్టిపడుతుంది, కాలు అలవాటు పడిపోతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు. మా బావ ఒకసారి నడిపి, ‘ఇదేంటి బావా, లారీ నడిపినట్టుంది’ అన్నాకే చూపించాను. డీజిల్ ఇంజన్ అదురు గేర్‌బాక్సుకు చేరకుండా చాలా బళ్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పెడతారు. లోపల స్ప్రింగులు ఉంటాయి. అవి అరిగితే బండి ఆపేటప్పుడు ఒక్క క్షణం గడగడమంటుంది. నా బండిలో క్లచ్ సెట్టు 13,500, ఫ్లైవీల్ 31,000. గేర్‌బాక్సు ఎలాగూ దించాలి కాబట్టి రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే మార్పించాను. అది విడిగా పాడైతే అదే లేబర్ మళ్లీ కట్టాలి. కొనేముందు ఇంజన్ స్టార్ట్ చేసి, ఆపి, ఆ ఒక్క క్షణం చెవి పెట్టి వినండి. అమ్మేవాడు ఏసీ, పాటలు పెట్టి చూపిస్తుంటే రెండూ కట్టేయమనండి.

ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వుల కదలికను జతగా ఉంచే టైమింగ్ బెల్టు అసలు చప్పుడే చేయదు. నా బండిది చైన్ కాదు, బెల్టు. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి, ఆ తర్వాత మాట్లాడాల్సింది ఇంజన్ పని గురించే. మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది. తక్కువ తిరిగిన బండి అని మురిసిపోయేవాళ్లు రెండోది చదవరు. పాత ఓనర్ దగ్గర బెల్టు మార్చిన బిల్లు లేదు కాబట్టి కొన్న నెలలోనే బెల్టు, టెన్షనర్, వాటర్ పంప్ కలిపి 9,500 పెట్టాను. ఆ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే, విడదీసి చేయించడంలో అర్థం లేదు.

ఇక పికప్. ఒక వేసవిలో బండి లాగడం మానేసింది, యాక్సిలరేటర్ నొక్కితే ఈల, వెనక నల్లటి పొగ. ఒక పెద్ద గ్యారేజీలో బానెట్ ఎత్తి, అరనిమిషంలో ‘టర్బో పోయింది సార్’ అన్నారు, 45 వేలకు అంచనా ఇచ్చారు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది టర్బో. ఆటోనగర్‌లో మా పాత మెకానిక్ పైపుల మీద చేయి పోనిచ్చి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ అడుగున చీలిక చూపించాడు. హోస్ 2,800. గాలి బయటికి పోతే ఇంజన్‌కు అందే గాలి తగ్గుతుంది, డీజిల్ పూర్తిగా మండదు, అందుకే ఆ పొగ. టర్బో నిజంగా పోయే బళ్లూ ఉన్నాయి, కానీ హోస్‌లన్నీ చూడకుండా ఆ మాట అన్నవాడికి బండి అప్పగించకండి. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మాత్రం రెండుసార్లు మసి పట్టింది, కడిగించడానికి 2,000 చొప్పున. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి బెంజి సర్కిల్‌కు తప్ప ఎక్కడికీ పోని డీజిల్ బండికి అది తప్పదు. నెలకోసారి హైదరాబాద్ హైవే మీద గంటన్నర తోలడం మొదలుపెట్టాక మూడోసారి అవసరం పడలేదు.

మా ఊరి ఎండకు ఏసీ గురించి చెప్పకపోతే సమీక్ష కాదు. ప్రతి ఏప్రిల్‌లో గ్యాస్ నింపించుకుంటూ పోతే లీక్ ఎక్కడో ఉందని అర్థం. నాది కూలింగ్ కాయిల్. అది డ్యాష్‌బోర్డు వెనక ఉంటుంది, మొత్తం విప్పాలి. 8,500 అయింది, చల్లదనం వచ్చింది. దాంతోపాటు డ్యాష్‌బోర్డులో కిరకిర కూడా వచ్చింది, అది ఇప్పటికీ పోలేదు.

ఢిల్లీ బండి చవగ్గా వస్తుందని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అందుకే అవి దక్షిణాదికి దిగుతున్నాయి. ధర చూసి పొంగిపోకుండా అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకోండి. నేనైతే సర్వీస్ బిల్లులు ఉన్న లోకల్ బండికి యాభై వేలు ఎక్కువైనా ఇస్తాను.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండి కొనేవాళ్లకు డీపీఎఫ్ అనే ఇంకో ఖర్చు ఉంది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ అది, ఇంజన్ బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. రోజుకు అయిదారు కిలోమీటర్లు తిరిగేవాళ్లు పెట్రోల్ చూసుకోండి. మారుతి, రెనో లాంటి కంపెనీలు అప్పుడే డీజిల్ మానేశాయి కానీ పాత బళ్లు రోడ్ల మీద లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి బండి నడవడానికి కావాల్సిన సామానుకు కొరత లేదు. దొరకనివల్లా హెడ్‌లైట్లు, బంపర్ క్లిప్పులు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు.

మైలేజీ హైవే మీద లీటరుకు 19, ఊళ్లో 14. ఇంజన్ హెడ్ ఇంతవరకు విప్పలేదు, పదివేలకోసారి ఆయిల్, ఫిల్టర్లు మాత్రం వాయిదా వేయలేదు. ప్రస్తుతం స్టీరింగ్ తిప్పితే ఎడమవైపు చిన్నగా కొడుతోంది. స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే ర్యాక్ అన్నాడు మెకానిక్, కొత్తది 18 వేలు, రిపేరు 6 వేలు. ముందు దాని చివర చక్రాల దగ్గరుండే టై రాడ్ ఎండ్లు మార్చి చూద్దామని 1,600 ఇచ్చి వచ్చాను, శనివారం బండి చేతికొస్తుంది.