నాన్న వాచీ, మూడు రాష్ట్రాల టైము

మాచర్ల నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే: "న్యూయార్క్ మీకు దగ్గరేనా అమ్మాయ్?" మేముండేది డాలస్‌లో. న్యూయార్క్ వెళ్లాలంటే విమానంలోనే మూడు గంటల పైన పడుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా టెక్సస్ ఒక్కటే దానికి రెండున్నర రెట్లు ఉంటుందని చెప్తే "అబ్బో" అంటారు. మళ్లీ వారం ఫోన్లో మళ్లీ న్యూయార్కే.

2025 మే చివర్లో అమ్మానాన్నల్ని తీసుకుని వారం రోజులు నెవాడా, అరిజోనా, యూటా తిరిగొచ్చాం. లాస్ వేగస్ దాకా విమానం, అక్కడి నుంచి అద్దె కారు. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. చేతికి పాత హెచ్‌ఎంటీ వాచీ. అమెరికా వచ్చి రెండు నెలలైనా దాని టైము మార్చలేదు. "ఊళ్లో ఎంతైందో నాకు తెలియాలి గదా" అని ఆయన పట్టుదల. ఆ వాచీయే మా ప్రయాణాన్ని గట్టెక్కిస్తుందని అప్పుడు అనుకోలేదు.

కారు కౌంటర్ దగ్గర ఆ ఇన్సూరెన్సూ ఈ ఇన్సూరెన్సూ అంటూ అరగంట తిన్నారు. మీ సొంత కారు పాలసీలో, క్రెడిట్ కార్డులో ఏముందో ఇంటి దగ్గరే చూసుకుని వెళ్తే ఆ టెన్షన్ ఉండదు. మేము చూసుకోలేదు, అక్కర్లేనిది ఒకటి కొనేశాం.

వేగస్ నుంచి ముప్పావు గంటలో హూవర్ డ్యామ్. నెవాడా వైపు గ్యారేజీలో కారు పెడితే డబ్బులు కట్టాలి. డ్యామ్ మీదుగా దాటి అరిజోనా వైపు పైకెళ్తే ఊరికే పెట్టుకోవచ్చు, కాకపోతే ఎండలో నడవాలి. నీటిని లోపలికి తీసుకునే టవర్ల మీద రెండు గడియారాలున్నాయి. ఒకటి నెవాడా టైము, ఇంకొకటి అరిజోనా టైము. రెండూ ఒకే టైము చూపిస్తున్నాయి. "మరి రెండెందుకు?" అన్నారు నాన్న.

విషయమేంటంటే, ఇక్కడ మార్చిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబర్‌లో వెనక్కి తెస్తారు. అరిజోనా మాత్రం 1968 నుంచి ఆ జోలికి పోవడం లేదు. అందుకే ఎండాకాలంలో నెవాడాతో సమానం, చలికాలంలో గంట ముందు. నాన్న వాచీ చూసుకుని, ఆ గడియారాలు చూసి, "మన టైములో అరగంట తీసేస్తే సరిపోతోంది. పగలు రాత్రవుతుంది, అంతే" అన్నారు. నిజమే. అరిజోనా మనకంటే ఏడాది పొడుగునా సరిగ్గా పన్నెండున్నర గంటలు వెనక. ముల్లుల వాచీకి పగలూ రాత్రీ తేడా తెలీదు కాబట్టి అరగంట తీసేస్తే చాలు.

డ్యామ్ దగ్గర ఆయన్ని కదిలించడానికి రెండు గంటలు పట్టింది. ఎత్తు 726 అడుగులు. "మన సాగర్ నాలుగొందల పైచిలుకు. ఎత్తులో ఇదే, ఒప్పుకుంటా. పొడవులో మాత్రం మన దాని ముందు దిగదుడుపే. పైగా మనది రాతి కట్టడం" అని మా ఆయనకు క్లాసు తీసుకున్నారు. డ్యామ్ వెనకున్న మీడ్ సరస్సులో నీళ్లు తగ్గిపోయి, కొండల చుట్టూ బిందె లోపల ఉప్పునీటి చార లాంటి తెల్లటి పట్టీ తేలింది. "సగం గేట్లు మావి, సగం మీవి అన్న గొడవ ఇక్కడ లేదా అల్లుడు గారూ?" అని అడిగారు. గేట్ల మీద పోలీసులు లేరు గానీ, కొలరాడో నది నీళ్ల కోసం 7 రాష్ట్రాలు 1922లో ఒప్పందం చేసుకుని ఇప్పటికీ తేల్చుకోలేక కొట్లాడుకుంటున్నాయని మా ఆయన చెప్పాక, ఆయన మొహంలో కొంచెం తృప్తి కనిపించింది.

ఆ రాత్రి విలియమ్స్‌లో దిగాం. గ్రాండ్ కాన్యన్ గేటు బయటే ఉన్న టుసాయన్‌లో గది అడిగితే ఇక్కడికి రెట్టింపు చెప్పారు. పార్కు లోపలి లాడ్జీలు ఏడాది ముందే బుక్ చేసుకోవాల్సినవి, మాకు ఆ ముందుచూపు ఎక్కడిది? విలియమ్స్ పాత రూట్ 66 హైవే మీద ఊరు, ముచ్చటగానే ఉంది. గది శుభ్రం, రైస్ కుక్కర్ పెట్టుకోవడానికి బల్ల కూడా ఉంది. తాలింపు మాత్రం పెట్టకండి, స్మోక్ అలారం ఊరుకోదు. కానీ కాన్యన్ దాకా 60 మైళ్లు, రోజూ పోనూ రానూ రెండు గంటలు. పెద్దవాళ్లతో సూర్యోదయం చూడాలనుకుంటే ఈ ఆదా దండగ. మేము రెండు రోజులూ సూర్యోదయం చూడలేకపోయాం.

ఇంకొకటి, మే నెల కదా అని పల్చటి బట్టలతో వెళ్లొద్దు. సౌత్ రిమ్, అంటే కాన్యన్ దక్షిణపు అంచు, దాదాపు 7,000 అడుగుల ఎత్తు. వేగస్‌లో ఒళ్లు కాలిపోయింది, ఇక్కడ పొద్దున్నే అమ్మ శాలువా మీద శాలువా కప్పుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అలాంటి వాళ్లకు ఉచిత బస్సులు గొప్ప సౌకర్యం. పడమటి వైపు హెర్మిట్ రోడ్డులోకి మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లను రానివ్వరు, బస్సే గతి. ప్రతి మలుపు దగ్గరా దిగొచ్చు, చూసి మళ్లీ ఎక్కొచ్చు. కాన్యన్ ఎలా ఉందో నేను రాయను. అమ్మ మాత్రం రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "కింద ఆ సన్న దారంలా ఉన్నది నదేనా?" అంది. అంతే.

"అవతలి ఒడ్డుకి వెళ్దామా?" అని నాన్న. కళ్లెదుటే కనపడే నార్త్ రిమ్ గాల్లో అయితే 10 మైళ్లు. రోడ్డు మీద 200 మైళ్ల పైనే, నాలుగైదు గంటలు. మ్యాప్ చూసి అక్కడా ఇక్కడా ఒకే రోజులో అనుకుని చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మేము తిరిగొచ్చిన రెండు నెలల్లోనే, జులైలో, కార్చిచ్చులో నార్త్ రిమ్ లాడ్జి కాలిపోయింది. వాయిదా వేసుకున్నందుకు ఇప్పటికీ బాధే.

టికెట్ గురించి ఒక మాట. మేము 80 డాలర్ల వార్షిక పాస్ కొన్నాం, కారులో నలుగురం దాని మీదే అన్ని పార్కులూ చూశాం. 2026 జనవరి నుంచి రూలు మారింది. అమెరికాలో నివాసం లేని, వార్షిక పాస్ లేని, 16 ఏళ్లు నిండిన వాళ్లకు గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ కాన్యన్‌తో కలిపి 11 పార్కుల్లో తలకు 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద అమ్మానాన్నల్ని పిలిపించేవాళ్లు పార్కు సర్వీసు సైట్‌లో ఇది చూసుకున్నాకే ప్లాన్ వేసుకోండి.

పేజ్ ఊరికి వెళ్లే దారిలో కామెరన్ దగ్గర భోజనానికి ఆగాం. 1916 నాటి ట్రేడింగ్ పోస్ట్, అంటే పాతకాలపు వర్తక దుకాణం. అక్కడ నావహోల (ఇక్కడి ఆదివాసీ తెగ) వంటకం నావహో టాకో పెడతారు. అడుగున ఉండేది ఫ్రై బ్రెడ్. పళ్లెమంత పొంగిన మైదా పూరీ అనుకోండి. మాంసం వద్దని చెప్పి బీన్స్, చీజ్ వేయించుకున్నాం. అమ్మ బీన్స్ పక్కకు నెట్టి, పూరీ ముక్క తుంచి, బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసింది. పక్క టేబుల్ దగ్గరి నావహో పెద్దావిడ వాసన చూసి నవ్వింది. మొత్తం ప్రయాణంలో అమ్మ తృప్తిగా తిన్న బయటి భోజనం ఇదొక్కటే.

ఇక్కడి నుంచే అసలు గందరగోళం. నావహోల సొంత ప్రాంతం నావహో నేషన్ దాదాపు 70,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి పైనే. వాళ్ల ప్రభుత్వం వాళ్లది, రూల్స్ వాళ్లవి, ఆ నేల మీద మద్యం నిషేధం. అరిజోనా జరపని గడియారాన్ని వీళ్లు జరుపుతారు. ఈ నేల మధ్యలో ఉన్న ఇంకో తెగ, హోపీలు, మళ్లీ జరపరు. పేజ్ ఊరు అరిజోనా టైము పాటిస్తుంది, ఊరు దాటగానే నావహో నేల, పది నిమిషాలు ఉత్తరానికి పోతే యూటా. ఫోన్ ఏ టవర్ దొరికితే ఆ టైము చూపిస్తుంది.

పేజ్ పక్కనే నావహో నేల మీద ఉన్న ఇరుకు రాతి లోయ యాంటిలోప్ కాన్యన్. మా టూరు ఉదయం 8 గంటలకు. అరగంట ముందు రమ్మన్నారు. నా ఫోన్‌లో 7:40. కొంప మునిగిందని తలలు కూడా దువ్వుకోకుండా పరుగెత్తాం. వెనక సీట్లోంచి నాన్న వాచీ చూసి, "మనకిప్పుడు ఏడూ పది. అరగంట తీస్తే ఆరూ నలభై. ఎందుకమ్మాయ్ ఈ పరుగు?" అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. వెళ్తే ఆఫీసు తలుపు మూసి ఉంది, మీద కాగితం: మా టూర్లన్నీ పేజ్ టైము ప్రకారమే. ఫోన్‌లో ఆటోమేటిక్ టైము ఆపేసి, అరిజోనా రాజధాని ఫీనిక్స్ టైము పెట్టుకోవాల్సింది.

టూరుకు తలకు వంద డాలర్లు దాటింది. పార్కు పాస్ ఇక్కడ చెల్లదు, నావహో గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. కాన్యన్‌లో లోయర్, అప్పర్ అని రెండు భాగాలు. లోయర్‌లో నిటారు ఇనుప మెట్లు ఉంటాయి కాబట్టి, పెద్దవాళ్లుంటే ఖరీదెక్కువైనా అప్పరే మేలు. ఎక్కడో దూరంగా వాన పడినా లోపలికి వరద వస్తుందని టూరు ఆపేస్తారు, విసుక్కోవద్దు. 1997 ఆగస్టులో అలాంటి వరదే లోయర్‌లో 11 మందిని పొట్టన పెట్టుకుంది. కొలరాడో నది గుర్రపు నాడాలా మలుపు తిరిగే హార్స్‌షూ బెండ్ పక్కనే, గంటలో అయిపోతుంది. అంచు దగ్గర పిల్లల చెయ్యి వదలొద్దు.

యూటాలోని జయాన్ పార్కు కోసం, దాని గేటు పక్క ఊరు స్ప్రింగ్‌డేల్‌లో రెండు రాత్రులున్నాం. ఖరీదు ఎక్కువే, కానీ విలియమ్స్‌లో దూరంగా దిగి దెబ్బ తిన్నాక ఈసారి ఆదాకు పోలేదు. ఊళ్లో ఉచిత బస్సు హోటల్ ముందే ఆగుతుంది, పార్కు గేటు దగ్గర ఇంకో బస్సు ఎక్కాలి. సీజన్‌లో లోపలి లోయకు కార్లు పోవు. కారు తాళం రెండు రోజులు ముట్టుకోలేదు. వచ్చిన రోజు మాత్రం పేజ్‌లో సాయంత్రం అయిదున్నరకు బయల్దేరి రెండు గంటల్లో చేరామనుకున్నాం. యూటాలో ఎనిమిదిన్నర. వెళ్దామనుకున్న హోటల్ వంటిల్లు కట్టేసింది. మిగిలిన పులిహోరే దిక్కయింది. "యూటాలో అరగంట కలపాలి" అన్నారు నాన్న, ఈసారి అందరం విన్నాం.

తిరుగు దారిలో యూటా దాటి, అరిజోనా మూలను ఓ అరగంట కోసుకుంటూ పోయి నెవాడాలో పడతాం. సరిహద్దు దాటీ దాటగానే మెస్కీట్‌లో కాసినోలు మొదలు. యూటాలో జూదం పూర్తిగా నిషేధం మరి. వేగస్‌లో చివరి రాత్రి హోటల్ గది ధర చవగ్గా కనపడి తీసుకున్నాం. రిసార్ట్ ఫీజు, పార్కింగ్ కలిశాక దాదాపు రెట్టింపు. పేపర్లన్నీ ముందే చదవని తప్పు మాదే అనుకోండి.

రిసెప్షన్‌కి వెళ్లాలంటే కాసినో మధ్యలోంచే నడవాలి. రాత్రో పగలో తెలియని వెలుతురు, కిటికీ అన్నది లేదు. అమ్మ మాత్రలేసుకునే వేళయిందేమోనని గోడలన్నీ వెతికింది, ఎక్కడా గడియారం లేదు. మా ఆయన జేబులోంచి ఫోన్ తీయబోయి ఆగి, "మామయ్య గారూ, టైమెంత?" అన్నాడు.

నాన్న మణికట్టు లైటు కిందికి పెట్టి చూసుకుని, "పదింపావు. అరగంట తీసెయ్యండి" అన్నారు.