ఏది మేలు? కేంద్ర చట్టాల్లో రాష్ట్రాల మాట: అమెరికా, భారత్, జర్మనీ

కేంద్రం, రాష్ట్రాల అధికారాల గురించి మాట్లాడేటప్పుడు ఏ అంశం రాజ్యాంగంలోని ఏ జాబితాలో ఉందో చూస్తాం. నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది వేరే ఉంది. కేంద్రం చట్టం చేసేచోట రాష్ట్రం తరఫున ఎవరు కూర్చుంటారు, వాళ్లు ఎవరికి జవాబు చెప్పాలి?

అమెరికా సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండే సీట్లు. దాదాపు నాలుగు కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ, ఆరు లక్షలు కూడా లేని వయోమింగ్‌కూ అంతే. ఒక రాష్ట్రం ఒప్పుకోకుండా దాని సమాన వాటాను రాజ్యాంగ సవరణతో కూడా తీసేయలేరు. చిన్న రాష్ట్రాలకు ఇది గట్టి భరోసా. అయితే 1913లో వచ్చిన 17వ సవరణతో సెనేటర్లను ఎన్నుకునే హక్కు శాసనసభల నుంచి నేరుగా ఓటర్లకు వెళ్లింది. దాంతో రాష్ట్ర ప్రభుత్వానికి అక్కడ తన మనిషి అంటూ లేకుండా పోయాడు.

మన రాజ్యసభ సభ్యులను ఇప్పటికీ ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు. ('రాజ్య' అంటే హిందీలో రాష్ట్రం. తెలుగులో ఆ అర్థం వెంటనే తట్టదు.) సీట్లు ఎక్కువగా జనాభాను బట్టే: ఉత్తరప్రదేశ్‌కు 31, సిక్కింకు 1. ద్రవ్య బిల్లును (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లును) 14 రోజులకు మించి ఆపే అధికారం ఈ సభకు లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం 2003లో చేసిన మార్పు. ఎన్నికయ్యే రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతును అప్పుడు ఎత్తేశారు. 2006లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. పైగా 1985 నుంచి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. సొంత రాష్ట్రానికి నష్టం చేసే బిల్లు వచ్చినా, పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వానికే ముప్పు. ఇక రాష్ట్రం కోసం నిలబడేదెవరు?

జర్మనీలో రాష్ట్రాల సభ అయిన బుండెస్‌రాట్‌లో కూర్చునేది 16 రాష్ట్రాల ప్రభుత్వాలే, అంటే ముఖ్యమంత్రులు, మంత్రులు. జనాభాను బట్టి ఒక్కో రాష్ట్రానికి 3 నుంచి 6 ఓట్లు, మొత్తం 69. పెద్ద రాష్ట్రం మింగేయదు, చిన్నది కనుమరుగు కాదు. రాష్ట్రం ఓట్లన్నీ ఒకే వైపు పడాలి. 2002లో వలసల చట్టంపై బ్రాండెన్‌బర్గ్ రాష్ట్ర ప్రతినిధుల్లో ఒకరు అవునన్నారు, మరొకరు కాదన్నారు. సభాధ్యక్షుడు దాన్ని అవునుగా లెక్కించారు. అలా లెక్కించడం చెల్లదంటూ అదే ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్నే కొట్టేసింది. రాష్ట్రం మాటకు అంత విలువ.

దీనికీ ఇబ్బంది ఉంది. కేంద్రంలోని ప్రతిపక్షం ఎక్కువ రాష్ట్రాల్లో అధికారంలో ఉంటే చట్టాలు ముందుకు కదలవు. 2006 సంస్కరణల్లో బుండెస్‌రాట్ అనుమతి తప్పనిసరైన చట్టాలను తగ్గించడానికి అదే ముఖ్య కారణం.

అయినా నా ఓటు జర్మనీ పద్ధతికే. కేంద్ర చట్టాల్లో చాలావాటిని అక్కడ అమలు చేసేది రాష్ట్రాలే. ఆ బరువు మోసేవాళ్లను ముందే అడగడం న్యాయం. మనకూ ఈ పద్ధతి మరీ కొత్త కాదు. జీఎస్టీ పన్ను సంగతులు చూసే జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు రాష్ట్రాల మంత్రులే కూర్చుంటారు. కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల ఓటు బలం, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ జరగదు, కేంద్రం ఒక్కటే కూడా ఏదీ చేయలేదు. రాజ్యసభను ఆ దారిలోకి తేవడం పెద్ద పని. 2003లో ఎత్తేసిన షరతును తిరిగి పెట్టడానికి మాత్రం పార్లమెంటులో ఒక చిన్న సవరణ చాలు.