గాంధీ ఆసుపత్రా, కార్పొరేట్ ఆసుపత్రా?

కరోనా రోజుల్లో హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇదే టెన్షన్.

ఖర్చు: గాంధీలో వైద్యం ఉచితం. ప్రైవేటుకు 2020 జూన్‌లో ప్రభుత్వం పరిమితి పెట్టింది: రోజుకు ఐసోలేషన్‌కు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలు. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు అందులో కలవలేదు. అసలు బిల్లు పెరిగింది అక్కడే. బీమా ఉన్నవాళ్లకైతే ఆ పరిమితే వర్తించలేదు!

శ్రమ: గాంధీలో మనిషి లోపలికి వెళ్తే కబురు తెలియడం కష్టంగా ఉండేది. కార్పొరేట్ నుంచి ఫోన్లు వచ్చేవి, డబ్బు కట్టమని కూడా.

రిస్క్: గాంధీలో రద్దీ, కార్పొరేట్‌లో అప్పు.

కంపెనీ బీమా ఉన్న ఐటీ ఉద్యోగికి కార్పొరేట్ సరే. ఆటో డ్రైవర్‌కు, రోజుకూలీకి గాంధీయే. బీమా లేని మధ్యతరగతి వాళ్లు, ఐసీయూలో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తుందనిపిస్తే, నగలు తాకట్టు పెట్టకముందే గాంధీకి వెళ్లడం మేలు.