పాత డాక్యుమెంటేషన్ సైటును భద్రపరచడానికి వీగెట్ ఎంతవరకు పనికొస్తుంది

ఎన్నో ఏళ్లుగా ఎందరివో చేతులు పడి, సగం వికీగా, సగం చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్‌గా మిగిలిన ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్ సైటు మీ మీద పడిందనుకోండి. దాన్ని సర్దడం తర్వాత సంగతి, ముందు ఉన్నది ఉన్నట్టు ఒక పూర్తి కాపీ తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ పనికి నేను వాడి చూసిన టూల్స్‌లో నా ఓటు ఇప్పటికీ గ్నూ వీగెట్‌కే. వెబ్ పేజీల్ని కంప్యూటర్‌లోకి దించే కమాండ్ లైన్ టూల్ (ఆదేశాలు టైపు చేసి నడిపేది) ఇది, 1996 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, చాలా లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో ముందే ఉంటుంది, లేకపోతే ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది. లోపాలు లేవా అంటే ఉన్నాయి, కొన్ని పెద్దవే, మాన్యువల్ ఓపిగ్గా చదివితే తప్ప కనిపించనివి కూడా, అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం వాటి గురించే.

కాపీ ముందు ఎందుకంటే, సర్దడం మొదలుపెట్టాక "ఇదెవరు చదువుతారులే" అని పేజీలు తీసేయడం చాలా తేలిక. కానీ పదేళ్ల కిందటి వెర్షన్ ఇంకా ఎక్కడో ఒక సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది, దాని ఇన్‌స్టాల్ పద్ధతి ఈ ఒక్క పేజీలోనే ఉంటుంది, ఆ ప్రోగ్రాం చూపించే ఎర్రర్ మెసేజ్‌లో ఈ పేజీ లింకే ఉంటుంది. మంచి యూఆర్ఎల్ (పేజీ అడ్రసు) మారకూడదని వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. పైగా ఎవరి హోస్టింగూ శాశ్వతం కాదు. ప్రాజెక్టుల కోడ్ పెట్టుకునే సైట్లలో గిటోరియస్ 2015లో ఆగిపోయింది, గూగుల్ కోడ్ 2016లో మూతపడింది, వాటి మీద ఆధారపడ్డ ప్రాజెక్టులన్నీ హడావిడిగా సామాను సర్దుకోవాల్సి వచ్చింది.

సరే, వీగెట్ సంగతికి వద్దాం. మిర్రర్ ఆప్షన్ ఇస్తే లింకులు పట్టుకుని సైటంతా తిరుగుతుంది. పేజ్ రిక్విజిట్స్ ఇస్తే ఆ పేజీలకు కావాల్సిన బొమ్మలు, పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్ షీట్లు (సీఎస్ఎస్) కూడా తెస్తుంది, 1.12 వెర్షన్ నుంచి సీఎస్ఎస్ లోపల ఉన్న బొమ్మల్ని కూడా వదలదు. కన్వర్ట్ లింక్స్ ఇస్తే నెట్ లేకుండా చదువుకునేలా లింకుల్ని మారుస్తుంది. నో పేరెంట్ ఇస్తే మీరు చెప్పిన ఫోల్డర్ దాటి పైకి పోదు. నాకు బాగా నచ్చింది మాత్రం రిక్వెస్టుల మధ్య ఆగే వెయిట్, డౌన్‌లోడ్ వేగానికి హద్దు పెట్టే లిమిట్ రేట్. పాత సైట్లు చాలావరకు ఎవరో వాలంటీర్ నడిపే బక్క సర్వర్ మీద ఉంటాయి, ఒక్కసారిగా వేల రిక్వెస్టులు కొడితే అది పడిపోతుంది, పడిపోయాక మళ్లీ లేపే మనిషి అందుబాటులో ఉంటాడన్న గ్యారంటీ లేదు. రిక్వెస్టుకీ రిక్వెస్టుకీ ఒకటి రెండు సెకన్లు గ్యాప్ ఇచ్చి రాత్రంతా వదిలేయడం మంచిది.

అసలు తలనొప్పి వికీతో. వికీపీడియా నడిచే మీడియావికీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పేజీకీ ఎడిట్ లింకు, హిస్టరీ లింకు, పాత రివిజన్లు, రెండు రివిజన్ల మధ్య తేడాలు, స్పెషల్ పేజీలు ఉంటాయి. వీగెట్‌కు అవన్నీ మామూలు పేజీలే, తిరుగుతూనే ఉంటుంది, డిస్క్ నిండుతూనే ఉంటుంది. ఇక్కడ చాలామంది అక్కర్లేనివి వదిలేయమని చెప్పే రిజెక్ట్ ఆప్షన్ వాడి, అది పని చేయట్లేదని వదిలేస్తారు. అది ఫైలు పేరునే చూస్తుంది, యూఆర్ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత ఉన్న భాగాన్ని పట్టించుకోదు. మీకు కావాల్సింది రిజెక్ట్ రెజెక్స్ (రెజెక్స్ అంటే అక్షరాల నమూనా), అది మొత్తం యూఆర్ఎల్‌ను చూస్తుంది. పేర్లు దాదాపు ఒకటే, పని మాత్రం వేరు, దీన్ని డిజైన్ లోపమనే అంటాను. ఇంకోటి, లింకులు పట్టుకుని తిరిగేటప్పుడు వీగెట్ రోబోట్స్ ఫైలుకు, అంటే ఏ ఫోల్డర్ల జోలికి రావద్దో ఇలాంటి టూల్స్‌కు సైటు చెప్పే ఫైలుకు, కట్టుబడుతుంది. బొమ్మలు, అటాచ్‌మెంట్లు ఉన్న ఫోల్డర్లను పాత అడ్మిన్లు అందులో బ్లాక్ చేసి ఉంటే అవి రావు. సొంత ప్రాజెక్టు సైటే కాబట్టి ఆ నియమాన్ని ఆపేసి నడపండి.

తర్వాతి చిక్కు ఫైళ్ల పేర్లు. పాత సైటులో పేజీ నంబరు ప్రశ్నార్థకం తర్వాత వచ్చే రకం యూఆర్ఎల్స్ ఉంటే, వీగెట్ ఆ ప్రశ్నార్థకంతో సహా ఫైలుకు పేరు పెడుతుంది, ఎక్స్‌టెన్షన్ సరిచేసే ఆప్షన్ ఇచ్చి ఉంటే చివర హెచ్‌టీఎంఎల్ కూడా తగిలిస్తుంది. మీ కంప్యూటర్‌లో చదువుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. అదే కాపీని సర్వర్ మీద పెడితే మాత్రం పాత లింకుతో వచ్చినవాడికి ఆ ఫైలు దొరకదు, ఎందుకంటే సర్వర్ ప్రశ్నార్థకం దగ్గరే పేరు ఆగిపోయిందనుకుంటుంది. పాత అడ్రసుకూ కొత్త ఫైలుకూ జాబితా రాసి, పాత అడ్రసుకు వచ్చినవాళ్లను కొత్త దానికి పంపే రీడైరెక్ట్‌లు సర్వర్‌లో పెట్టక తప్పదు. ఈ పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది ఇదే, అయినా బయటి నుంచి వచ్చే లింకులు బతకాలంటే ఇంకో దారి లేదు.

అందుకే మామూలు ఫైళ్లతో పాటు వార్క్ ఫైలు కూడా తీయమంటాను. ఇది వెబ్ ఆర్కైవ్‌ల కోసం ఉన్న ఐఎస్ఓ ప్రమాణం, వీగెట్‌లో 1.14 నుంచి ఉంది. ఫైలుగా సేవ్ చేస్తే పేజీలో ఉన్నది మాత్రమే మిగులుతుంది, వార్క్‌లో అయితే పేజీతో పాటు సర్వర్ పంపిన వివరాలు (హెడర్లు), అసలు యూఆర్ఎల్, తెచ్చిన సమయం అన్నీ ఉంటాయి. అదేమంత ముఖ్యమా అనిపించొచ్చు. కొన్ని పాత పేజీల్లో అక్షరాల ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఏ కోడ్‌లో దాచారన్నది) ఏంటో పేజీలో రాసి ఉండదు, హెడర్‌లోనే వచ్చేది, అది పోతే ఇంగ్లిష్ కాని అక్షరాలన్నీ చెత్తగా కనిపిస్తాయి. అలాగే కన్వర్ట్ లింక్స్ పేజీలను మార్చేస్తుంది, వార్క్‌లో ఉన్నది మాత్రం మార్చని ఒరిజినల్. రీప్లేవెబ్ పేజ్ అనే టూల్‌తో దాన్ని బ్రౌజర్‌లోనే తెరిచి చూడొచ్చు. వార్క్ తీసేటప్పుడు టైంస్టాంపింగ్, అంటే ఫైళ్ల తేదీలు పోల్చి చూడడం, పని చేయదు కాబట్టి మధ్యలో ఆగిపోతే మారినవి మాత్రమే తెచ్చుకునే వీలు ఉండదు, పెద్ద సైటయితే ముక్కలుగా చేయండి. వీగెట్ తర్వాతి తరం టూల్ వీగెట్2 ఒకేసారి చాలా ఫైళ్లు దించుతుంది, వేగం బాగుంటుంది, కానీ అందులో వార్క్ లేదు, కాబట్టి ఈ పనికి పాతదే వాడండి.

చేయలేనివి కూడా చెప్పాలి. వీగెట్ జావాస్క్రిప్ట్ నడపదు. పేజీ మొత్తం స్క్రిప్టుతో తయారయ్యే సైటయితే ఖాళీ పేజీలే చేతికొస్తాయి, అలాంటి వాటికి నిజం బ్రౌజర్‌తో నడిచే బ్రౌజర్‌ట్రిక్స్ క్రాలర్ వైపు వెళ్లండి. కమాండ్ లైన్ అంటే టెన్షన్ పడేవాళ్లకు హెచ్‌టీట్రాక్ ఉంది, విండోస్‌లో బొమ్మల మెనూతో వస్తుంది, చిన్న సైట్లకు సరిపోతుంది, కానీ వార్క్ ఇవ్వదు. సైటులోని సెర్చ్ పెట్టె సర్వర్ మీద నడిచేదయితే కాపీలో అది చచ్చిపోతుంది, పేజ్‌ఫైండ్ లాంటి, బ్రౌజర్‌లోనే నడిచే స్టాటిక్ సెర్చ్ విడిగా పెట్టుకోవాలి. పాత వెబ్ పేజీల్ని దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో కూడా ఒక కాపీ ఉండేలా చూడండి, అది మీ కాపీకి తోడు మాత్రమే. 2024 అక్టోబర్‌లో ఆ సైటే దాడి వల్ల కొన్ని రోజులు అందుబాటులో లేదు.

కాపీ భద్రంగా ఉన్నాక సర్దడం ధైర్యంగా చేయొచ్చు. ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. సపోర్ట్ ఆగిపోయిన వెర్షన్ల మాన్యువల్ కూడా అలాగే ఉంచి, పేజీ పైన ఆ మాట స్పష్టంగా రాసి, ఇప్పటి వెర్షన్‌కు లింకు ఇస్తారు. సర్వర్ ఇచ్చే జవాబు కోడ్‌గా, పేజీ వేరే చోటికి వెళ్తే 301 (శాశ్వతంగా మారింది), నిజంగానే తీసేస్తే 410 (ఇక లేదు) ఇవ్వండి, అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయడం మాత్రం వద్దు, ఇన్‌స్టాల్ స్టెప్ కోసం వచ్చినవాడికి హోమ్ పేజీతో పనేముంది.

కొత్తగా వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. లింకులు మార్చే పని డౌన్‌లోడ్ మొత్తం అయిపోయాకే జరుగుతుంది, మధ్యలో ఆపితే లింకులు మారకుండా ఉండిపోతాయి. తనకు దొరకని పేజీల లింకుల్ని వీగెట్ పూర్తి ఇంటర్నెట్ అడ్రసుగా రాసి వదిలేస్తుంది. నెట్ ఉన్నంతసేపూ ఆ లింకులు పాత సర్వర్‌కే వెళ్లి చక్కగా తెరుచుకుంటాయి, అంతా వచ్చేసిందనే అనిపిస్తుంది. అందుకే పాత సర్వర్ ఆపేముందు కాపీలోని ఫైళ్లన్నిటిలో పాత డొమైన్ పేరు కోసం వెతకండి. ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి రాలేదేమో చూసుకుని, అవి తెచ్చుకున్నాకే సర్వర్ ఆపండి.