స్టైల్ వార్స్ డిస్కు: తెర నిండింది, బొమ్మ తెగింది

టీవీలకు ‘జూమ్’ అనే సదుపాయం పెట్టిన మహానుభావుడెవరో గాని, రైలు పెట్టె మీద పైకప్పు అంచు నుంచి చక్రాల దాకా వేసిన బొమ్మను ఆయన ఎన్నడూ చూసి ఉండడు. ‘స్టైల్ వార్స్’ రెండు డిస్కుల సెట్టు చాలా ఏళ్లుగా నా దగ్గర ఉంది. న్యూయార్క్ సబ్‌వే రైళ్ల మీద రాత్రిపూట రంగులు చిమ్మిన కుర్రాళ్ల గురించి టోనీ సిల్వర్, హెన్రీ చాల్ఫాంట్ తీసిన 1983 నాటి డాక్యుమెంటరీ ఇది. దీని గొప్పతనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నా బాధ అంతా ఫ్రేము గురించే.

టీవీ కోసం తీసిన సినిమా కాబట్టి దృశ్యం 4:3 కొలతలో (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు) ఉంటుంది. ఇప్పటి వెడల్పాటి టీవీలో అటూ ఇటూ నల్లటి పట్టీలు రావాలి. మా ఇంట్లో కొత్త టీవీ బిగించిన అబ్బాయికి ఆ పట్టీలు నచ్చలేదు. “ఇప్పుడు నిండుగా ఉంది సార్” అని జూమ్ పెట్టి వెళ్లిపోయాడు. జూమ్ పెడితే దృశ్యం ఎత్తులో నాలుగో వంతు పోతుంది. వార్తలకూ క్రికెట్‌కూ అడ్డు రాలేదు కనుక నేనూ పట్టించుకోలేదు.

తర్వాత కాలేజీలో డాన్సు చేసే మా మేనల్లుడు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చాడు. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతపు రోలర్ స్కేటింగ్ హాలులో రాక్ స్టెడీ క్రూ, డైనమిక్ రాకర్స్ అనే బ్రేక్ డాన్సు జట్లు తలపడే ఘట్టం వేశాను. ఆ ఆటంతా నేల మీదే. అరచేతులు ఆనించి కాళ్లు చుట్టూ తిప్పడం, చటుక్కున ఒక భంగిమలో బిగుసుకుపోవడం, అన్నీ నేలకు జానెడు ఎత్తులో జరుగుతాయి. మాకు మాత్రం ప్రేక్షకుల ముఖాలు కనిపించాయి, ఆడేవాళ్ల నడుములు కనిపించాయి, నేల కనిపించలేదు. “చేయి ఎక్కడ ఆనించాడు మామయ్యా?” అని మావాడు అడిగితే చెప్పడానికి తెరలో చేయే లేదు.

జూమ్ తీసేశాను. ఈసారి మనుషులు అడ్డంగా సాగి, రాక్ స్టెడీ క్రూలోని క్రేజీ లెగ్స్ లాంటి సన్నటి కుర్రాడు కూడా బొద్దుగా తయారయ్యాడు. టీవీ మెనూలో 4:3 అన్న మాట ఉంది, నొక్కితే పలకదు. పిల్లలు ఫోన్లు తీశారు. వాళ్లు వెళ్లిపోయాక తేలింది: డిస్కు ప్లేయరులోనూ టీవీ ఆకారం ఎంచుకునే మెనూ ఉంటుందట, అది తనంతట తానే దృశ్యాన్ని సాగదీసి పంపుతోంది. టీవీకి చేరేదే సాగిన దృశ్యం అయినప్పుడు టీవీని తిట్టి లాభం లేదు. రెండు యంత్రాలూ నాకు మేలు చేయాలనే తాపత్రయపడ్డాయి. సరిచేయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక కాపీనైతే ముందే కత్తిరించి పెట్టారు. దానికి ఏ మెనూ మందు లేదు.

ఇంత గోల ఎందుకంటే, పెట్టె ఎత్తంతా నింపడంలోనే ఆ రైటర్ల (రైళ్ల మీద తమ పేర్లను బొమ్మలుగా వేసే ఆ కుర్రాళ్లను అలాగే అంటారు) పంతం ఉంది. కిటికీల కింద పేరు రాసుకునేవాడు ఒక మెట్టు, టాప్ టు బాటమ్, అంటే పైఅంచు నుంచి కింది దాకా వేసేవాడు పై మెట్టు. 51 అడుగుల పెట్టెను చీకట్లో, యార్డులో, కాపలావాళ్లకు దొరకకుండా నింపాలి. ఆ పైఅంచును జూమ్ కోసేస్తే గోపురం ఫొటోలో కలశాలు లేనట్టే. పైగా అసలు బొమ్మలు ఎక్కడా మిగల్లేదు. కొన్నిటిని తోటి రైటర్లే చెరిపారు. క్యాప్ అనేవాడు ఇతరుల పనిమీద తన పేరు కొట్టడం ఈ సినిమాలోనే ఉంది. మిగిలినవాటిని రసాయనాలతో కడిగే ‘బఫ్’ చెరిపింది. 1989 మే 12న బొమ్మలున్న చివరి రైలును కూడా పట్టాల మీద నుంచి తీసేశామని రవాణా సంస్థ ప్రకటించింది.

రెండో డిస్కు మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. అందులో చాల్ఫాంట్ తీసిన రైలు పెట్టెల ఫొటోలున్నాయి. చాల్ఫాంట్ శిల్పి. ఎదుటి ప్లాట్‌ఫారం మీద నిలబడి, కదులుతూ ఒకదానిపై ఒకటి కలిసేలా ఫొటోలు తీసి, అతికించి, నిండు పెట్టెను ఒక్క పొడవాటి చిత్రంగా చేసేవాడు. ఆ ఫొటోలు పొడవాటి పట్టీలు కాబట్టి వెడల్పాటి తెర వాటికి చక్కగా నప్పింది. చిన్న టీవీలో పేరు కూడా కూడబలుక్కోలేని అక్షరాలు ఇక్కడ విడివిడిగా తేలాయి. కేస్ 2 అనే ఒంటిచేతి రైటరు అక్షరాలను ఎలా విరగ్గొట్టి మళ్లీ కూర్చాడో, సినిమాలో అతని మాటల్లో కన్నా ఇక్కడే నాకు బాగా అర్థమైంది.

ఈ బొమ్మలు, డాన్సు, డీజేల సంగీతం కలిసిన హిప్ హాప్ తొలినాళ్లకు ఇదొక్కటే చాలని నేను చాలామందికి చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. మొదట డాన్సు గురించే తీద్దామనుకున్నారట, చివరికి డాన్సుకు దక్కింది కొంచెమే. డీజేల పనితనం పాటల్లో వినిపించడమే గాని తెర మీద పెద్దగా లేదు. ఆడపిల్లలు దాదాపు కనిపించరు. స్కీమ్ అనే కుర్ర రైటరుతో అతని తల్లి వాదులాడే ఘట్టం మాత్రం ఎన్నిసార్లు చూసినా పాతబడలేదు. ముఖాలే కాబట్టి జూమ్ కూడా దాన్ని పూర్తిగా పాడుచేయలేకపోయింది!

డిస్కు ప్లేయరు, దాని మెనూలతో కుస్తీ పట్టే ఓపిక ఉంటే, అక్షరాల మీద నాలాంటి పిచ్చి ఉంటే తీసుకోండి. డాన్సు కోసమే అయితే మా మేనల్లుడి మాట వేరు: ఆ కొద్ది నిమిషాలకు రెండు డిస్కులు ఎందుకంటాడు. అతనికి అది సరైన లెక్కే కావచ్చు.