పొడవాటి ఇంగ్లీష్ మాట: అతుకుల దగ్గర విరవాలా, పలుకును బట్టి విరవాలా?

పెద్ద మాటను విడదీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ముందూ వెనకా తగిలించినవి ఊడదీసి అసలు మాటను బయటికి లాగడం. రెండోది, నోటికి వచ్చే తీరును బట్టి సిలబుల్స్‌గా, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలుగా విడగొట్టి, ఊనిక (ఒత్తి పలకడం) ఎక్కడ పడుతుందో పట్టుకోవడం.

స్పెల్లింగ్‌కి మొదటిదే మేలు. 'అన్‌నెసెసరీ'ని 'అన్', 'నెసెసరీ'గా విరిస్తే రెండు ఎన్‌లు ఎందుకో, 'గవర్నమెంట్'ని 'గవర్న్', 'మెంట్'గా విరిస్తే చాలామంది మింగేసే ఎన్ ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది.

పలకడం దగ్గరే అది చేతులెత్తేస్తుంది. 'ఎలెక్ట్రిక్'లో ఊనిక 'లెక్' మీద ఉంటుంది. 'ఇటీ' చేర్చగానే అది 'ట్రి' మీదికి జరుగుతుంది, చివరి 'క్' కాస్తా 'స్' అయిపోతుంది. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి సిలబుల్‌ని ఒత్తుతాం, 'ఫటాగ్రఫీ'లో రెండోదాన్ని, 'ఫోటోగ్రాఫిక్'లో మూడోదాన్ని. ఊనికతో పాటు అచ్చులూ మారతాయి. అసలు మాట తెలిసినంత మాత్రాన ఇదంతా తెలియదు.

అందుకే పలకడానికి నా ఓటు రెండోదానికే, అదీ తోక వైపు నుంచి. చివర 'ఇటీ', 'షన్', 'ఇక్' ఉంటే ఊనిక సాధారణంగా వాటికి ముందున్న సిలబుల్ మీదే. 'నెస్', 'లెస్', 'ఫుల్', 'ఇంగ్' మాత్రం ఊనిక జోలికి పోవు. 'అరబిక్', 'పాలిటిక్స్' లాంటి మొండి ఘటాలు కొన్ని ఉంటాయి, వాటిని బట్టీ పట్టాల్సిందే.

అన్నట్టు, ముద్రణలో లైను చివర మాట విరవాల్సి వస్తే అమెరికన్లు ఎక్కువగా ఉచ్చారణను చూస్తారు. బ్రిటిష్ సంప్రదాయం మాట పుట్టుకకు పెద్దపీట వేస్తుంది.