ఆలస్యంగా మొలిచిన కనకాంబరం: మడిలోనే ఉంచాలా, కుండీకి మార్చాలా?

కనకాంబరం గింజలన్నీ ఒకేసారి మొలవవు. ఆషాఢంలో చల్లితే కొన్ని శ్రావణానికే తలెత్తుతాయి, కొన్ని సంక్రాంతి దాటి, ఇక రావులే అనుకున్నాక బయటపడతాయి. తడి తగిలితే కాయ చిటుక్కున పగిలి గింజను దూరంగా విసురుతుంది. అందుకే అనంతపురంలో మా పెరటి బండ సందుల్లోనూ మొలకలే.

మడిలోనే వదిలేస్తే వేరు కదలదు, పనీ తక్కువ. కానీ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరు మాది. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే ఎండకు నాలుగాకుల మొక్క ఆగాలంటే పెద్ద మొక్క నీడైనా ఉండాలి, రోజూ నీళ్లైనా పోయాలి. పాత మడిలో నులిపురుగులుంటే లేత వేళ్లకు బుడిపెలు కడతాయి, అదింకో బాధ.

కుండీకైతే సాయంత్రం పూట మడి తడిపి, చెంచాతో మట్టి పెళ్లతో సహా లేపాలి. రెండు రోజులు తల వాలుస్తుంది, కంగారు పడొద్దు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటి, వేపచెట్టు కింద మే నెల దాటిస్తే తొలి వానలకు నేలలో పెట్టుకోవచ్చు. నల్ల ప్లాస్టిక్ కవర్లు ఎండలో పెట్టారో, వేళ్లు ఉడికిపోతాయి. పోయినేడు నేను ఆరు మొక్కలు అలాగే పోగొట్టుకున్నా.

నన్నడిగితే, సంక్రాంతి తర్వాత మొలిచినవి కుండీకే. బండ సందులోవి మాత్రం లాగొద్దు, వేరు తెగుతుంది. పైన గోనెపట్టా పందిరిలా కడితే చాలు.